మేఘాద్రి గెడ్డ నుంచి భీమిలి దాకా: పిట్టల కోసం నాలుగు రోజులు

దీపావళి వెళ్ళిన మూడో రోజు నేనూ మా వదినా సామర్లకోటలో రత్నాచల్ ఎక్కాం. మాది కాకినాడ. పిట్టలు చూడాలంటే మాకు కోరంగి పక్కనే ఉంది. కానీ మడ అడవిలో పిట్ట ఆకుల వెనక కూర్చుంటే దాని కూత వినడమే తప్ప రూపం కనపడదు. వదిన ఈ మధ్యే బైనాక్యులర్స్ పట్టుకోవడం మొదలుపెట్టింది. ఆవిడకి ముందు తెరిపి నీళ్ళ మీద పిట్టల్ని తీరిగ్గా చూపించాలని నా కోరిక. విశాఖలో ఊరి అంచునే మంచినీటి రిజర్వాయర్లున్నాయి, పాతిక కిలోమీటర్ల దూరంలో భీమిలి దగ్గర నది సముద్రంలో కలిసే చోటుంది, ఈ రెంటి మధ్య కంబాలకొండ అడవి ఉంది. ఇన్ని రకాల చోట్లు ఒక్క సిటీ బస్సు దూరంలో దొరకడం మామూలు విషయం కాదు. అందుకే నాలుగు రోజులు పెట్టుకున్నాం.

బస గురించి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే మొదటి రోజు అక్కడే పాడైంది. వైజాగ్ వెళ్తూ సముద్రం కనపడని గదిలో ఎందుకని బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్ బుక్ చేశాను. రాత్రికి నాలుగు వేల పైచిలుకు. గది శుభ్రంగా ఉంది, కిటికీ తీస్తే సముద్రం, దుప్పట్లు తెల్లగా మెరిసిపోతున్నాయి. టిఫిన్ మాత్రం ఏడున్నరకి గానీ మొదలవదట. పొద్దున్నే వెళ్ళిపోతాం, ఏదైనా కట్టి ఇవ్వండని రాత్రే అడిగితే సరేనన్నారు. నాలుగున్నరకి కిందికి దిగేసరికి కాపలా మనిషి తప్ప ఎవరూ లేరు. ముందు రాత్రి మాట్లాడుకున్న కారు మరో పది నిమిషాలకి రద్దయినట్టు మెసేజ్ వచ్చింది. చీకట్లో ఇద్దరు ఆడవాళ్ళం, మెడలో బైనాక్యులర్స్, ఖాళీ రోడ్డు. టెన్షన్ పడ్డాం. చివరికి ఆటో దొరికి మేఘాద్రి గెడ్డ రిజర్వాయర్ చేరేసరికి ఏడుంబావు. ఆ రోజుల్లో విశాఖలో సూర్యుడు ఆరు లోపే వచ్చేస్తాడు. మేం వెళ్ళేసరికి ఎండ నీళ్ళ మీద పడి కళ్ళలోకి కొడుతోంది. నీళ్ళ మధ్య నల్లటి చుక్కలు కనపడుతున్నాయి గానీ అవి నామాల కోళ్ళో బాతులో తేల్చుకోలేకపోయాం.

ఆ మధ్యాహ్నమే గది ఖాళీ చేసి గోపాలపట్నం మారిపోయాం. సింహాచలం రైల్వేస్టేషన్ దగ్గర ఒక లాడ్జి, రోజుకి పదకొండు వందలు. లిఫ్టు లేదు. వేడినీళ్ళు బకెట్‌తో తెచ్చి ఇచ్చారు. రైళ్ళ చప్పుడు రాత్రంతా వినపడుతూనే ఉంది, తేలిగ్గా నిద్రపట్టని వాళ్ళకి కష్టమే. కానీ స్టేషన్ ఉండటం వల్ల తెల్లారుజామున నాలుగున్నరకే వేడి టీ దొరికింది, ఆటోలు దొరికాయి, రిజర్వాయరుకి పావుగంటలో చేరుకున్నాం. లాడ్జి కుర్రాడు "మేడం, నాలుగింటికి తలుపు కొట్టమంటారా?" అని తనే అడిగి, చెప్పిన టైముకి కొట్టాడు. రిజర్వాయర్ చూడటానికి వచ్చేవాళ్ళు బీచ్ రోడ్డు మీద ఆశ పెట్టుకోకుండా ఎన్ఏడీ జంక్షన్, గోపాలపట్నం, పెందుర్తి వైపు గది తీసుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. తెల్లారాక మొదటి రెండు గంటలే మనకి అసలు ఆస్తి.

ఇక మేఘాద్రి గెడ్డ. ఊరికి తాగునీరు ఇచ్చే రిజర్వాయర్ ఇది. చుట్టూ కొండలు, ఒక వైపు నీటి మీద తేలే సోలార్ పలకలు, అప్పుడప్పుడు తల మీదుగా విమానం. డ్యామ్ గట్టు దగ్గర కాపలాదారు మమ్మల్ని ఆపాడు. ఎందుకొచ్చామో చెబితే ఆయన మర్యాదగానే "గట్టు మీదికి వద్దమ్మా, అటు ఎగువకి ఎల్లండి, పిట్టలన్నీ అక్కడే ఉంటాయి" అన్నాడు. ఆయన మాట నూటికి నూరు పాళ్ళు నిజం. అక్టోబరులో వానలకి రిజర్వాయర్ నిండుగా ఉంటుంది. డ్యామ్ దగ్గర లోతు ఎక్కువ, బురద గట్లు మునిగిపోయి ఉంటాయి, బురదలో నడిచి మేసే పిట్టలకి అక్కడ పని లేదు. నీళ్ళు పల్చబడే ఎగువ కొసల్లో జమ్ము, తామర, గుర్రపుడెక్క పెరుగుతాయి. తిండీ అక్కడే, దాక్కునే చోటూ అక్కడే. జనవరికి నీటిమట్టం తగ్గాక బురద బయటపడి, అందులో మేత వెతుక్కునే ఉల్లంకి పిట్టలు గుంపులుగా దిగుతాయి. శరత్తులో వెళ్ళేవాళ్ళు మాత్రం డ్యామ్ వదిలేసి నేరుగా ఎగువకే వెళ్ళాలి.

రెండో రోజు ఐదున్నరకే అక్కడున్నాం. సూర్యుడు వీపు వెనక ఉండేలా తూర్పు ఒడ్డున చోటు చూసుకున్నాం. మొదట చెవికి చేరింది చిలువ బాతుల ఈల. చీకటి ఇంకా విడిపోలేదు, తల మీదుగా ఈలలు వేసుకుంటూ వరసగా వెళ్ళి తామరాకుల్లో దిగాయి. వెలుగు వచ్చాక లెక్కపెడితే నూట ముప్పై దాకా ఉన్నాయి. నామాల కోళ్ళు నూరు పైనే. నుదుట తెల్లటి నామం, ఒళ్ళంతా మసి. ఆ పేరు పెట్టినవాళ్ళు దాన్ని ఎంత శ్రద్ధగా చూసి ఉంటారో!

వదిన తామరాకుల మీద నడుస్తున్న ఒక పిట్టని పట్టుకుని వదల్లేదు. "ఇది పుస్తకంలో ఉన్న నీటి నెమలేనా? దాని బారు తోక ఏదమ్మాయ్?" అంది. మంచి ప్రశ్న. ఆ పిట్టకి పొడవాటి తోక గుడ్లు పెట్టే వానాకాలంలోనే ఉంటుంది. ఆ కాలం దాటాక తోక ఈకలు రాలిపోతాయి, ఒంటి నలుపూ పోయి తెల్లగా గోధుమగా అవుతుంది. పుస్తకంలో అందమైన బొమ్మ ఒకటే వేస్తారు కాబట్టి శరత్తులో కొత్తవాళ్ళు దాన్ని గుర్తుపట్టలేరు. మెడ వెనక పసుపు మరక, పొడవాటి వేళ్ళు చూస్తే చాలు. ఒక ఆడపిట్ట అనేక మగపిట్టలతో జతకట్టి, గుడ్లు పెట్టి వెళ్ళిపోతుందనీ, పొదిగి పెంచేది మగపిట్టేననీ చెప్పాను. వదిన చాలాసేపు మాట్లాడకుండా దానివైపే చూస్తూ ఉండిపోయింది.

వలస పిట్టల రాక అప్పుడే మొదలైంది. గార్గనీ బాతులు పదకొండు, చిలువల గుంపు అంచున విడిగా ఉన్నాయి. కరెంటు తీగల మీద స్వాలోలు బారులు తీరి కూర్చున్నాయి. తుమ్మ కొమ్మ మీద బ్రౌన్ ష్రైక్ ఒంటరిగా కూర్చుని గొంతు చించుకుంటోంది. ఇది ఏటా అదే ప్రాంతానికి వచ్చి ఆ కాస్త చోటునీ కాపలా కాసుకునే పిట్ట. ఏడు దాటాక మార్ష్ హారియర్ ఒకటి జమ్ము మీదుగా తక్కువ ఎత్తులో తేలుతూ వచ్చింది. మరుక్షణం నామాల కోళ్ళన్నీ నీళ్ళు చిమ్ముకుంటూ ఒకే దగ్గరికి చేరి ముద్దకట్టాయి. గద్ద దాటిపోయాక మళ్ళీ విడిపోయాయి. అంతకుముందు తల మీదుగా పెద్ద చప్పుడుతో విమానం వెళితే ఒక్కటీ కదల్లేదు. భయపడాల్సింది దేనికో వాటికి తెలుసు.

పాములమెడ పిట్టలు రెండు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి, నత్తగుల్ల కొంగలు బురదలో నత్తలు వెతుకుతున్నాయి, ఒక నారాయణ పక్షి మేం ఉన్న రెండున్నర గంటల్లో నాలుగడుగులు వేసింది. తిరిగి వస్తుంటే తీగ మీద పాలపిట్ట. దసరా దాటిపోయినా వదిన దణ్ణం పెట్టుకుంది.

ఆ రోజు నాగుల చవితి. ఎనిమిదింటికల్లా కుటుంబాలు పుట్టల దగ్గరికి పాలు, చిమ్మిలి పట్టుకుని వచ్చాయి. పిల్లలు మిగిలిన దీపావళి టపాసులు కాల్చడం మొదలుపెట్టారు. మొదటి చప్పుడుకే చిలువలన్నీ లేచి కొండవైపు వెళ్ళిపోయాయి. పండగ ఎవరూ మానుకోనక్కర్లేదు, మేం కూడా పుట్టకి దణ్ణం పెట్టి కాసిని చిమ్మిలి తిన్నాం. కానీ నీటి ఒడ్డున టపాసు కాల్చకుండా ఉంటే బాగుండునని మనసారా అనిపించింది. వేల మైళ్ళు ఎగిరి వచ్చి అప్పుడే దిగిన పిట్టకి ఆ వారంలో తిండీ విశ్రాంతీ రెండూ ప్రాణావసరాలు. ఒకసారి బెదిరి లేచిందంటే కూడబెట్టుకున్న శక్తి అంత తగ్గినట్టే.

సాయంత్రం ముడసర్లోవ రిజర్వాయర్‌కి వెళ్ళాం. ఆరిలోవ దాటి సింహాచలం వైపు వెళ్ళే రోడ్డు మీద, కొండల మధ్య ఉంటుంది. మేఘాద్రి కంటే చాలా చిన్నది. దాంతో పిట్టలు దగ్గరగా కనపడతాయి, కొత్తవాళ్ళకి ఇది పెద్ద మేలు. 2018లో ఇక్కడ నీటి మీద 2 మెగావాట్ల సోలార్ ప్లాంట్ పెట్టారు. ఆ పలకల అంచుల మీద నీటికాకులు, గుడ్డికొంగలు కూర్చుని ఉండటం చూశాం. చుక్కల లకుముకి నీటి మీద ఒకే చోట గాలిలో నిలబడి, రెక్కలు కొట్టుకుంటూ, నిట్టనిలువుగా పడి చేపతో లేచింది. వదిన "అబ్బ!" అని గట్టిగా అరిచింది, పక్కన గాలం వేసుకుంటున్న పెద్దాయన నవ్వాడు. పార్కు వైపు బెంచీలు, మరుగుదొడ్డి ఉన్నాయి, పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి సౌకర్యం. ఒడ్డున ప్లాస్టిక్ కప్పులు, విస్తళ్ళు మాత్రం చూడలేకపోయాం. నీళ్ళలోకి కొట్టుకుపోయిన ఒక సంచిని నీలిబొల్లి కోడి ముక్కుతో లాగుతుంటే కడుపులో తిప్పింది.

పోలిస్తే, గంట సేపే ఉందనుకునే వాళ్ళకి ముడసర్లోవ. పొద్దంతా కూర్చోగలిగితే మేఘాద్రి. మేఘాద్రికి టెలిస్కోపు ఉంటే చాలా మంచిది, మా ఎనిమిది రెట్ల బైనాక్యులర్స్‌కి అవతలి ఒడ్డు అందలేదు.

మూడో రోజు ఆదివారం కంబాలకొండ. తప్పు నాదే, కార్తికంలో ఆదివారం పెట్టుకోకూడదు. ఈ అభయారణ్యం 70 చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది, హైవేకి ఒక పక్క జూ, మరో పక్క దీని గేటు. గేటు తెరిచేసరికే వనభోజనాల బస్సులు వరస కట్టాయి. అడవి లోపలికి నడిచే దారిలో మొదటి కిలోమీటరు దాకా పాటలు వినపడుతూనే ఉన్నాయి. ఆ తర్వాత నిశ్శబ్దం. పొన్నంగి పిట్ట కోసం ఆకుల కింద వెతికి వెతికి దొరక్క వచ్చేశాం. ప్యారడైజ్ ఫ్లైక్యాచర్ మాత్రం కనపడింది, ఎర్రటి ఒళ్ళుతో, తోక రిబ్బనులా ఆడిస్తూ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఇక్కడే తీరం దాటినప్పుడు ఈ కొండల మీద చెట్లన్నీ మోడువారిపోయిన ఫొటోలు నాకింకా గుర్తు. ఇప్పుడు ఆకు సందుల్లోంచి ఆకాశం వెతుక్కోవాల్సి వస్తోంది. అది చూడటానికైనా వచ్చినందుకు సంతోషమనిపించింది. పిట్టల కోసమైతే మామూలు రోజున, గేటు తీయగానే వెళ్ళండి. చిరుతలు తిరిగే అడవి, దారి వదలొద్దు, ఒంటరిగా వెళ్ళొద్దు.

అక్కడి నుంచే భీమిలి. బీచ్ రోడ్డు మీదుగా వెళ్ళాలంటే 900కె బస్సు, ఆనందపురం మీదుగా అయితే 999. మేం సముద్రం కోసం 900కె ఎక్కాం. రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు కిటికీలోంచి చూసుకుంటూ వెళ్ళడమే ఒక యాత్ర.

భీమిలిలో ఒక పాత ఇంటి మేడ మీద గది తీసుకున్నాం. ఇంటివాళ్ళు కిందే ఉంటారు. పదహారు వందలు, అందులోనే రాత్రి భోజనం. ఈ నాలుగు రోజుల్లో నాకు బాగా నచ్చిన బస ఇదే. ఏసీ లేదు, అవసరం పడలేదు. ఇంటావిడ వంజరం పులుసు వండింది. పొద్దున ఐదింటికి వెళ్తామంటే "ఉత్త కడుపుతో ఎలా ఎల్తారమ్మా" అని తెల్లారుజామునే ఇడ్లీ వేసి, ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చింది. ఆ ఇడ్లీ పొట్లం పట్టుకున్నప్పుడు మొదటి రోజు ఖాళీ కౌంటరు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది ఇక్కడ బంగాళాఖాతంలో కలుస్తుంది. రిజర్వాయర్ దగ్గర సూర్యుణ్ణి చూసుకుని వెళ్ళాలి, ఏటి మొగ దగ్గర చంద్రుణ్ణి చూసుకుని వెళ్ళాలి. ఆటు సమయంలో ఇసకమేటలు బయటపడితే వాటిలోని పురుగులు, చిన్న పీతల కోసం పిట్టలు పరుచుకుంటాయి. పోటు సమయంలో మేత మునిగిపోయి, మిగిలిన కాస్త ఇసక మీద గుంపుగా నిలబడి కునుకు తీస్తాయి. ఆటు పోట్ల వేళ రోజుకి దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. మేం వెళ్ళిన సోమవారం ఎనిమిదింటికి ఆటు. వేళ కలిసింది, తిథి కలవలేదు. అమావాస్య వెళ్ళి ఆరేడు రోజులైతే పోటుకీ ఆటుకీ తేడా తగ్గిపోతుంది. వల బాగుచేసుకుంటున్న ఒకాయన మమ్మల్ని చూసి, "రెండు మూడు రోజుల ముందొస్తే ఆ మేటంతా తేలేదమ్మా. అమావాస నీరు అప్పుడే కదా. ఇప్పుడు సగమే" అన్నాడు. భీమిలిని మొదట పెట్టుకుని మేఘాద్రిని చివర పెట్టుకుంటే సరిపోయేది. తర్వాత వెళ్ళేవాళ్ళు టికెట్ల కంటే ముందు పంచాంగం తియ్యండి.

ఆ సగం మేట మీదే మాకు రెండు గంటలు చాలలేదు. సాండ్ ప్లవర్లు ముప్పై దాకా ఉన్నాయి. చకచకా నాలుగడుగులు పరిగెత్తి ఠక్కున ఆగి, ఇసకలోకి ఒక పోటు పొడిచి, మళ్ళీ పరుగు. ఆగినప్పుడు ఇసకలో ఇసకై పోతాయి, కదిలితేనే కనపడతాయి. గ్రీన్‌షాంక్‌లు మూడు. కర్లూ ఒక్కటి, కొడవలిలా కిందికి వంగిన బారు ముక్కుని మొదలంటా ఇసకలో దించి పీతని లాగింది. కాళ్ళు ఒక్కొక్కటే ఊడగొట్టి ఒంటిని మింగింది. చివర్లో తేలికగా ఎగురుతూ బ్రౌన్ హెడెడ్ గల్స్ నాలుగు వచ్చాయి. లదాఖ్, టిబెట్ ఎత్తుల్లోని సరస్సుల దగ్గర గుడ్లు పెట్టే పిట్టలవి. వేసవిలో తలకి ఉండే ముదురు గోధుమ రంగు పోయి చెవి దగ్గర చిన్న మచ్చ మిగిలింది.

ఇంతలో పడవలు వచ్చాయి, కుక్కలు వచ్చాయి, ఒక బైకు ఇసకలోకి దూసుకొచ్చింది. బైకు కుర్రాళ్ళు ఫొటో కోసం గుంపుని లేపడానికి నేరుగా మేట మీదికి పోనిచ్చారు. వదిన గబగబా నడిచివెళ్ళి "బాబూ, అవి చాలా దూరం నుంచి వచ్చాయి, కాసేపు తిననివ్వండి" అని బతిమాలింది. వాళ్ళు బండి ఆపారు. ఒకడు బైనాక్యులర్స్ అడిగి తీసుకుని కర్లూని చూశాడు. చాలాసేపు చూశాడు.

కొండకర్ల ఆవ ఎందుకు వెళ్ళలేదని అడగొచ్చు. అచ్యుతాపురం దగ్గర, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. రెండు తాటి బోదెలు తొలిచి జతకట్టిన దోనె మీద తామరల మధ్య తిప్పుతారు. నేను ఒక జనవరిలో వెళ్ళాను, నీటి మట్టానికి కూర్చుని పిట్టని చూడటం అక్కడే సాధ్యం. కానీ దోనె కదిలితే పిట్టలూ కదులుతాయి. దానికి విడిగా ఒక రోజు కావాలి, ఈ ప్రయాణంలో ఇరికించాలనిపించలేదు.

వెళ్ళేవాళ్ళు టోపీ, మట్టి రంగు బట్టలు, రెండు లీటర్ల నీళ్ళు పట్టుకెళ్ళండి. మేఘాద్రి ఎగువన చిన్న కొట్టు కూడా లేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందంటే భీమిలి వైపు మానుకోండి. తిరుగు ఆటో ముందే మాట్లాడుకోండి. గోపాలపట్నం ఆటో అబ్బాయి వెళ్ళి రావడానికి, మధ్యలో ఉండటానికి కలిపి ఐదు వందలు తీసుకున్నాడు, అది న్యాయమే.

తిరుగు రైల్లో వదిన నోటు పుస్తకంలో మొత్తం లెక్క రాసింది. అరవై ఒక్క రకాలు. అందులో రెంటి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. జనవరిలో ఆసియా అంతటా నీటి పక్షుల లెక్క జరుగుతుందని చెబితే "అప్పటికి మేఘాద్రిలో బురద తేలుతుందన్నావు కదా" అంది. అన్నవరం దాటేలోపే లాడ్జికి ఫోన్ చేసి, రైళ్ళ చప్పుడు తక్కువ వినపడే వెనక గది ఉందా అని కనుక్కుంది.